నాలుక మడత

ఆ రోజు పొద్దున గేటు బాబాయి పెట్టుకున్న పని ఒక్కటే. మేడ మీద గదిలో కుళాయి కారుతోంది, దానికి కొత్త వాషరు వేయాలి. వాషరు జేబులో వేసుకున్నాడు, పానా చేత పట్టుకున్నాడు, మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయాడు. అంతలో పాలు పోసే ఆయన పైనుంచి దిగుతూ ఎదురుపడి నవ్వాడు. ఆ నవ్వులో పళ్ళు తెల్లగానే ఉన్నాయి గాని, వాటి వెనక నాలుక మాత్రం బొగ్గులా నల్లగా ఉంది. బాబాయి కాలు మెట్టు మీదికి వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

గేటు బాబాయి అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. బట్టల మిల్లు గేటు దగ్గర నిలబడి, షిఫ్టు దిగి ఇళ్ళకు పోయేవాళ్ళ జేబులూ సంచులూ తడిమి చూసే ఉద్యోగంలోనే జుట్టు నెరిసింది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గాని అనుమానం నుంచి రిటైరవలేదు. ఇంటికి శుభలేఖ వచ్చినా వెలుతురుకు పట్టి చూసి గాని కవరు చింపడు. "మా బావ అద్దంలో తన ముఖం తాను చూసుకున్నా, ఎవరు నువ్వు, ఎవరి కోసం వచ్చావు అని అడుగుతాడు" అని బావమరిది ఊరంతా చెబుతుంటాడు. ఆ బావమరిది ప్రసూతి ఆసుపత్రిలో మందుల కౌంటరు దగ్గర కూర్చుంటాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

మేడ మీద గదిలో అద్దెకు దిగినవాళ్ళు ఎవరూ నిలవలేదు. బ్యాంకు గుమాస్తా ఒకాయన సాయంత్రం ఇంటికొచ్చినప్పుడల్లా తన సంచి విప్పి చూపించలేక వెళ్ళిపోయాడు. కొత్తగా పెళ్ళయిన జంట, తమ చెత్తబుట్టలో ఏముందో తమకంటే ఇంటాయనకే ఎక్కువ తెలుసని గ్రహించి సామాను సర్దుకున్నారు. తర్వాత వచ్చిన వయొలిన్ మాస్టారు, పెట్టెలో ఉన్నది వయొలినే అని నిరూపించడానికి గేటు దగ్గర కాస్త వాయించి మరీ లోపలికి రావలసి వచ్చేది. ఆయన కూడా వెళ్ళిపోయిన రోజున బాబాయి భార్య, అంటే వీధి మొత్తానికీ పిన్ని, ఎన్నడూ లేనిది గొంతు పెంచింది.

"ఈసారి వచ్చేవాళ్ళు కూడా మీ అనుమానం వల్ల వెళ్ళిపోయారంటే నేను చెప్పేది వినండి. వాళ్ళ సామాను ఎక్కే బండిలోనే నా పెట్టె కూడా ఎక్కుతుంది. మా అక్క దగ్గరికి పోతాను. మళ్ళీ రాను."

పిన్ని అన్న మాట తప్పే మనిషి కాదు. ఆ సంగతి బాబాయికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆవిడ లేని ఇల్లు ఊహించుకోవడానికి కూడా ఆయనకి భయమే. అందుకే ఈ కొత్త అమ్మాయి దిగినప్పటి నుంచీ అనుమానాన్ని గొంతులోనే అదిమిపెట్టుకుని కాలం గడుపుతున్నాడు. అమ్మాయి యూనివర్సిటీలో ఏదో పరిశోధన చేస్తోంది. దిగేటప్పుడు "దేని మీదమ్మా?" అని అడిగితే "నాలుక మీదండీ" అంది. డాక్టరు చదువు కాబోలనుకుని ఊరుకున్నాడు.

కాని ఇప్పుడు పాలాయన నాలుక చూశాక ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఏమయ్యా, పాలు పోసేది కింద కదా, పైన నీకేం పని?"

"అమ్మాయిగారు రమ్మన్నారండీ."

"ఎందుకు?"

"ఏం లేదండీ. నాలుక మడతపెట్టమన్నారు. పెట్టాను. ఫొటో తీసుకున్నారు. వచ్చేశాను."

బాబాయికి చెవుల్లో మిల్లు సైరను మోగినట్టయింది. నాలుక మడతపెట్టడమంటే లోకంలో ఒకటే అర్థం. అన్న మాట అనలేదనడం. అలాంటి పని చేసినవాడెవడూ ఇంత ధైర్యంగా మెట్లు దిగుతూ చెప్పడు.

"ఏ మాట మీద మడతపెట్టావు?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ముందు 'మూత' అనమన్నారండీ. అన్నాను. నోరు కడుక్కోమని, తర్వాత 'మూట' అనమన్నారు. అదీ అన్నాను. మూతకి మడత అక్కర్లేదట, మూటకే కావాలట. మళ్ళీ నోరు కడుక్కునే లోపల మా గేదె గుర్తొచ్చి వచ్చేశాను. బాగా చెప్పావని మెచ్చుకున్నారండీ."

"ముందు ఒకటి చెప్పి, తర్వాత ఇంకోటి చెప్పావన్నమాట."

"అవునండీ. రెంటికీ తేడా తెలియాలట."

పాలాయన సైకిలెక్కి పోయాడు. బాబాయి అక్కడే నిలబడిపోయాడు. మొన్నామధ్య ఇస్త్రీ బట్టలు తెచ్చే ఆవిడ కూడా పైకి వెళ్ళింది. అప్పుడు కిటికీలోంచి "పాత... పాట... కోత... కోట..." అని వినబడింది. తనకెందుకులే అని ఊరుకున్నాడు. ఇప్పుడు అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. చెప్పమన్న మాట చెప్పించడం, తర్వాత మార్చి చెప్పించడం, ఎదురు తిరగకుండా ఫొటో తీసి దగ్గర పెట్టుకోవడం! మేడ మీద జరుగుతున్నది పరిశోధన కాదు. దొంగసాక్షులను తయారు చేస్తున్నారు. ఏదో పెద్ద కేసే. అందులో ఒక మూట కూడా ఉంది.

ఇంట్లోకి వెళ్ళేసరికి పిన్ని చెప్పులు వేసుకుంటోంది. మేడ మీద అమ్మాయి అప్పటికే దిగివచ్చి, తాళంచెవి ఆవిడకిచ్చి గేటు బయట నిలబడి ఉంది. ఇద్దరూ బజారుకు వెళుతున్నారు.

"ఇదిగో పైగది తాళంచెవి. వాషరు వేసి వచ్చెయ్యండి. అక్కడ ఏదీ ముట్టుకోకండి" అంది పిన్ని.

అంటున్నప్పుడు ఆవిడ నోట్లో ఓ మూల నల్లగా మెరిసింది. బాబాయి వంగి ఆ నోట్లోకి చూశాడు.

"నువ్వు... నువ్వు కూడా నాలుక మడతపెట్టావా?"

"పెట్టాను. నాకు మొదటిసారికే వచ్చిందంది. ఎన్నిసార్లు కడిగినా ఈ నలుపే పోవడం లేదు" అని నవ్వింది పిన్ని. "ఇన్నేళ్ళలో నేనొక మాట అంటే అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరండీ. ఒక్క మాట కోసం నా నోటి వంక అలా చూస్తూ కూర్చుంది ఆ పిల్ల."

"అసలు అది ఏం చేస్తోందో నీకు తెలుసా?"

"మీరు అడిగే తీరు చూస్తేనే చెప్పబుద్ధి కాదు. బండి సంగతి గుర్తుంది కదా?" అని పిన్ని గేటు దాటి వెళ్ళిపోయింది.

బాబాయి మేడెక్కాడు. కుళాయి టపటపమని కారుతూనే ఉంది, దాన్ని పట్టించుకునే స్థితిలో ఆయన లేడు. గోడ నిండా నోళ్ళు. తెరుచుకున్న నోళ్ళ ఫొటోలు, ఒక్కోదాని పైకప్పు మీద ఒక్కోచోట నల్లటి మరక. బల్ల మీద సుద్దతో పోతపోసిన అంగిలి బొమ్మ, పిడి ఉన్న చిన్న అద్దం, సన్నని కుంచె. వాటి పక్కన గిన్నెలో నల్లగా, చిక్కగా ఏదో ముద్ద.

మిల్లు గేటు దగ్గర అనుమానం వచ్చిన ప్రతి వస్తువునూ ఆయన ముందు వాసన చూసేవాడు, తర్వాత నాలుకకు రాసుకుని చూసేవాడు. నూనె డబ్బాలో నూనే ఉందా, ఉప్పు పొట్లంలో ఉప్పే ఉందా అని. ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది. వేలు ముద్దలో ముంచడమూ నాలుకకు పులమడమూ ఆయన ప్రమేయం లేకుండానే జరిగిపోయాయి. తల ఎత్తేసరికి ఎదురుగా గోడకి అతికించిన అట్ట కనిపించింది. దాని మీద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "రంగు పూసిన తర్వాత గుటక వేయరాదు. నోరు మూయరాదు. నాలుక పళ్ళకు గాని అంగిటికి గాని తగలరాదు."

బాబాయి ఆ అట్ట మళ్ళీ ఒకసారి చదివాడు. గుటక వేస్తే పోతారన్నమాట! పళ్ళకు తగిలినా ప్రమాదమే! ఉన్న పళంగా నాలుకను కింది పెదవి మీదుగా ఎంత దూరం వస్తే అంత దూరం బయటికి చాపేశాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, పిన్ని నాలుక కూడా నల్లగానే ఉందని. దాంతో తన సంగతి మరిచిపోయి మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తాడు.

ఎదురుగా ఆటో కనిపించింది. "బాబూ! పాయిజన్! పా... పా... పోనీ!" అని అరిచాడు. అరిచాననుకున్నాడు. నాలుక బయట ఉన్నప్పుడు మనిషికి ఎన్ని అక్షరాలు మిగులుతాయో అంతవరకూ ఆయనకు తెలియదు. త, ద, న, ల, ర పోయాయి. ట, డ, ళ పోయాయి. చ, జ, స, య పోయాయి. క, గలు కూడా గొంతులోనే ఆగిపోయాయి. పై పెదవి వచ్చి నాలుక మీద వాలితే ప, బ, మ, వలు మాత్రం తడితడిగా ఎలాగో బయటపడుతున్నాయి. అందువల్ల ఆటో ఆయనకి వినబడింది ఇదీ:

"బాబూ! పాఇఅ! పా! పా! పోఈ!"

"బాబా, పాపా అని అప్పుడే కంగారైతే ఎలాగండీ? ముందు ఎక్కండి" అన్నాడు ఆటో ఆయన. "ఎవరికండీ కానుపు? అమ్మాయికా?"

బాబాయి అడ్డంగా తల ఊపాడు. "మా ఆవిఅ! మా ఆవిఅ!" అన్నాడు.

"మీ ఆవిడకే!" ఆటో ఆయన వెనక్కి తిరిగి ఆయన నెరిసిన జుట్టు వంక చూసి, రెండు చేతులూ జోడించాడు. తర్వాత హారను మీద నుంచి చెయ్యి తీయకుండా తీసుకుపోయి ప్రసూతి ఆసుపత్రి ముందు దింపాడు. వచ్చినందుకు ఏమీ పుచ్చుకోనన్నాడు. ఇలాంటి బేరం మళ్ళీ రాదట.

లోపల నర్సు ఆయన్ని చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. వేలాడే నాలుకలతో వచ్చే తండ్రులను ఆవిడ ఇదివరకూ చూసింది.

"అమ్మా! బాఅ! పాఇఅ! మా ఆవిఅ..." అన్నాడు బాబాయి. అమ్మా, బాధ, పాయిజన్, మా ఆవిడకి కూడా అని ఆయన ఉద్దేశం.

"బాబో పాపో ఎవరైతేనేమండీ, మీ ఆవిడ క్షేమంగా ఉంటే చాలు కదా" అంది నర్సు. కాగితం, కలం అడుగుదామంటే ఆ రెండు మాటలకూ నాలుకే కావాలి. గాలిలో వేలితో రాసి చూపించాడు. "ఫారాలు తర్వాత నింపుదురు గాని, కూర్చోండి" అని భుజం పట్టి బెంచీ మీద కూర్చోబెట్టి ఆవిడ వెళ్ళిపోయింది.

కూర్చున్నాడో లేదో పక్క తలుపు తెరుచుకుని ఇంకో నర్సు వచ్చింది. చేతుల్లో తెల్లటి గుడ్డలో చుట్టిన పసిగుడ్డు. "వీళ్ళ నాన్న ఇప్పుడే ఇక్కడున్నాడే, ఏడీ?" అని చుట్టూ చూసింది. బెంచీ మీద ఉన్న మగమనిషి బాబాయి ఒక్కడే. ఆవిడ తన వంకే చూస్తోందని ఆయన గాభరాపడి, "మాది కాదు పాప" అని చెప్పాడు. అందులో పెదాలతో పలికేవి మాత్రమే బయటికి వచ్చాయి.

"మా... పాప!"

"మీ పాపే. అంత సంతోషమైతే గట్టిగా పట్టుకోండి. నేను పక్క సర్ది వస్తాను" అని చేతుల్లో పెట్టేసి వెళ్ళింది.

తన నాలుక మీది విషం ఎక్కడ బిడ్డ మీద పడుతుందోనని బాబాయి మెడను వీలైనంత పక్కకు తిప్పి, బిడ్డను చేతులు చాపి దూరంగా పట్టుకున్నాడు. బిడ్డ కళ్ళు తెరిచింది. ఆయన వంక కాసేపు చూసింది. తర్వాత తను కూడా నాలుక బయటపెట్టింది. ఆ చిన్న ఎర్రటి నాలుకను చూసి బాబాయికి ఏడుపొచ్చింది. ఇంత బతుకూ బతికి, ఆఖరికి పిన్నితో ఒక్క మంచి మాట కూడా చెప్పకుండా పోతున్నానే అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అసలు తండ్రి ఫ్లాస్కుతో వచ్చాడు. "అది మా పాప!" అన్నాడు.

"మా... పాప!" అన్నాడు బాబాయి, మాది కాదు పాప అనే ఉద్దేశంతోనే.

"మా పాపంటే మళ్ళీ మా పాపంటాడేమిటి! పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు! పట్టుకోండి!"

ఫ్లాస్కు కింద పడింది. బిడ్డ తండ్రి చేతుల్లోకి పోయింది. ఆసుపత్రి గేటు దగ్గరి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. బాబాయిని గోడకి నిలబెట్టి, చేతులు పైకెత్తించి, ఇన్నేళ్ళూ బాబాయి ఎందరికో చేసిన పనే ఆయనకి చేశాడు. నడుం దగ్గర మొదలుపెట్టి పైదాకా తడిమాడు. ముందు నడుం తడమకూడదు, చంకలతో మొదలుపెట్టాలి అని చెబుదామనుకున్నాడు బాబాయి. నాలుక లేదు. పానా దొరికింది, వాషరు దొరికింది, ఒక తాళంచెవి దొరికింది.

"ఎవరిదిది?"

పైన అమ్మాయిది అన్నాడు బాబాయి. "పై... అమ్మాఇ..." అని వినబడింది.

"ఎవరో అమ్మాయిదట!" అన్నాడు వాచ్‌మన్ జనం వంక తిరిగి.

ఆ గోలకి మందుల కౌంటరు వదిలేసి వచ్చిన బావమరిది, సరిగ్గా ఆ మాట దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "బావా!" అన్నాడు. బావ ఏదో చెప్పబోయే లోపలే జేబులోంచి ఫోను తీశాడు.

"అక్కా, నువ్వు కూర్చుని విను. బావ మా ఆసుపత్రిలో ఉన్నాడు. ఇందాకటిదాకా చేతిలో పసిపిల్ల, మా పాప, మా పాప అన్నాడట. జేబులో ఎవరో అమ్మాయి గది తాళంచెవి. నేనెవరికీ చెప్పనులే, నువ్వేం భయపడకు" అన్నాడు, వరండా చివరిదాకా వినబడేటట్టు.

పిన్ని బజారు సంచితోనే వచ్చింది. వెనకాలే మేడ మీద అమ్మాయి. పిన్ని పెళ్ళయినప్పటి నుంచీ ఎవరినీ అనుమానించిన మనిషి కాదు. ఇంట్లో ఆ పని చేయడానికి ఒకరున్నారు కదా అని ఆవిడ ఆ జోలికి పోలేదు. ఇప్పుడు మాత్రం భర్తను పైనుంచి కిందికీ, కింది నుంచి పైకీ చూసింది. ఆ చూపు బాబాయికి బాగా తెలుసు. గేటు దగ్గర ఆయన చూసే చూపే అది.

"ఎవరా పిల్ల? ఎవరా అమ్మాయి?" అంది. "నేను సామాను బండి దాకా ఆగక్కర్లేదు. ఇటునుంచి ఇటే మా అక్క దగ్గరికి పోతాను."

"మా ఆవిఅఇ ఊఆ పూఇంఇ! పాఇఅ! పాఇఅ!" అని మొత్తుకున్నాడు బాబాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"చూశావా అక్కా, ఇప్పుడు కూడా పాపే అంటున్నాడు" అన్నాడు బావమరిది.

"ఉండండి, ఉండండి" అంది మేడ మీద అమ్మాయి. బాబాయి ముందుకొచ్చి ఆయన నోటి వంక తదేకంగా చూసింది. "బాబాయిగారూ, మళ్ళీ ఒక్కసారి అనండి. నెమ్మదిగా."

బాబాయి ఆమెను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. వాచ్‌మన్ పట్టుకున్నాడు. గత్యంతరం లేక మళ్ళీ అన్నాడు.

"పాప కాదు పిన్నిగారూ. 'పా' తర్వాత నాలుకతో పలకాల్సినవి ఎగిరిపోయాయి. అక్కడొక యి ఉండాలి, ఒక జ ఉండాలి. పాయిజన్ అంటున్నారు" అంది అమ్మాయి. "ముందుదేమో... మా ఆవి... ఇక్కడ డ పోయింది, కి పోయింది. మా ఆవిడకి... కూడా... పూసింది. మా ఆవిడకి కూడా పూసింది, పాయిజన్. అవునా బాబాయిగారూ?"

బాబాయి తల ఎంత గట్టిగా ఊపాడంటే నాలుక కూడా దానితోపాటు ఊగింది.

పిన్ని చేతిలోని సంచి జారి కింద పడింది. "నా కోసమా ఇలా పరుగెత్తుకొచ్చారు?"

బాబాయి మళ్ళీ ఊపాడు, ఈసారి మెల్లగా. పిన్ని కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు. ఆవిడకీ తెలియలేదు.

"ఇంతకీ పాయిజన్ ఎవరు పూశారు?" అన్నాడు వాచ్‌మన్. బాబాయి వేలు తిన్నగా అమ్మాయి వైపు చూపించింది.

"అయ్యో బాబాయిగారూ, అది బొగ్గుపొడి! కాస్త కోకో పొడి, కాస్త వంటనూనె కలిపాను. నాలుకకి పూసి ఒక మాట అనిపిస్తే, నాలుక పైన ఎక్కడ తగిలిందో అక్కడ నలుపు అంటుకుంటుంది. 'మూత' అంటే పళ్ళ వెనక తగులుతుంది. 'మూట' అంటే కొన మడతపడి అంగిట్లో తగులుతుంది. అద్దం పెట్టి ఫొటో తీసుకుంటాను. ఆ మాట అనేలోపల గుటకేసినా, నాలుక ఎక్కడ తగిలినా మరక చెదిరిపోతుందని గోడకి రాసి పెట్టాను."

"నాలుక లోపల పెట్టుకోండి" అంది పిన్ని.

బాబాయి పెట్టుకున్నాడు. పిడచగట్టుకుపోయిన నాలుక ఒకంతట లోపల సర్దుకోలేదు. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పుకుని, "అయితే ఆ కోర్టు కేసు?" అన్నాడు.

"ఏ కోర్టు కేసు?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

బాబాయి నాలుక కరుచుకున్నాడు. పళ్ళన్నీ నల్లబడ్డాయి.

తర్వాత దొంగసాక్షుల సంగతి కూడా కక్కించింది పిన్ని. విని బావమరిది వరండాలో కూలబడి నవ్వాడు. పాప తండ్రి కూడా ఫ్లాస్కు పగిలిన సంగతి మరిచిపోయి నవ్వాడు. నవ్వనిది పిన్ని ఒక్కతే. ఆవిడ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"నీ గదిలోకి వచ్చి, నీ వస్తువులు ముట్టుకుని, నిన్ను హంతకురాలిని కూడా చేశారు ఈయన. నువ్వు ఖాళీ చేస్తానంటే నేనేమీ అనలేనమ్మా. నీతోపాటే నేనూ వచ్చేస్తాను. నా మాట మీద నేను నిలబడాలి కదా."

బాబాయి కింద పడ్డ బజారు సంచి తీసి గుండెలకు హత్తుకున్నాడు. అమ్మాయి ఆయన వంక చూసింది, మళ్ళీ ఆయన నోటి వంక చూసింది.

"ఖాళీ చేయడమేమిటి పిన్నిగారూ! నాలుక వాడకుండా ఇంతసేపు, ఇంతమందితో, ఇంత ప్రాణం పెట్టి మాట్లాడిన మనిషి ఏ పరిశోధకుడికి దొరుకుతాడు? బతిమాలినా ఎవరూ ఒప్పుకోరు. ఆటో దగ్గర్నుంచి ఏమేం అన్నారో అన్నీ మళ్ళీ అంటే రికార్డు చేసుకుంటాను. వారానికొకసారి పైకొస్తే చాలు."

"వస్తారు. కుళాయికి వాషరు కూడా వేస్తారు" అంది పిన్ని. అప్పుడు నవ్వింది. "పెట్టె సంగతి ప్రస్తుతానికి వదిలేస్తున్నాను. కాని ఒకటి. ఇన్నాళ్ళూ గేటు దగ్గర అందరినీ నిలబెట్టి చూశారు. ఇక నేను చూస్తాను."

వాచ్‌మన్ తాళంచెవి పిన్ని చేతికే ఇచ్చాడు.

ఇప్పుడు గేటు బాబాయి బయటికి వెళ్ళి ఎప్పుడు తిరిగొచ్చినా గేటు దగ్గర ఆగి, ఎవరూ అడగకుండానే నాలుక చూపించి లోపలికి వస్తున్నాడు.